మోకు లేని తాడు

కాంబోడియా నుంచి వచ్చిన నాలుగో రోజు
ఖిలా వరంగల్ తూర్పు కోట దాటి
మట్టికట్ట దిగువన, తాళ్ల కింద, మొండయ్య దగ్గర కూర్చున్నాను.
ఎనిమిది వందల ఫోటోలు,
చూపించడానికి ఒక్క మనిషి.

అంకోర్ వాట్ వెనక పొద్దుపొడుపు చూపించాను.
"మబ్బుల్నే లేసి పోయినవా, రాళ్లమ్మా" అన్నాడు.
నడుం వంచిన అప్సరసను చూపించాను.
"మన రామప్ప పిల్లకు చిన్నమ్మ బిడ్డ తీరు ఉన్నది."
నాలుగు దిక్కులా నవ్వే రాతి మొహాలు చూపించాను.
"ఇన్ని మొఖాలు నవ్వుతాంటె ఆ ఊరోళ్లకు నిద్రెట్ల పడ్తది."
అంతే. చుట్ట వెలిగించుకున్నాడు.

నేను ఊరుకోలేదు.
విప్పిన మండపాల రాళ్లకు
ముప్పై ఏళ్లు నంబర్లేసిన చేయి నాది.
తెల్లరంగు డబ్బా, సన్న కుంచె,
తూర్పు వరస, మూడో పొర, పదిహేడో రాయి.
అందుకే ఆ ఒక్క గుడి గురించి చెప్పాను.
చుట్టూ గడ్డిలో రాళ్లు, రాళ్లు, ఇంకా రాళ్లు.
విప్పినవాళ్లు రాసుకున్న లెక్క
యుద్ధంలో పోయిందట.
ఏ రాయి పక్కన ఏ రాయో
రాళ్లనే అడగాల్సి వచ్చిందట, ఏళ్ల తరబడి.
చెప్తుంటే నా గొంతు పట్టుకుంది.
మొండయ్య వినడం లేదు.
ఫోను మీద వేలు జరుపుతూ పోయి, ఆగాడు.

"గిది తాడు కాదా?"

నేను తీద్దామని తీసింది కాదది.
సారున్ నడిపే టుక్‌టుక్ గుంతలో పడ్డప్పుడు
చేయి అదిరి వచ్చిన బొమ్మ:
వరి మడి, పక్కకు ఒరిగిన ఆకాశం,
ఒక తాడు, దానికి ఆనించి కట్టిన వెదురు,
కణుపుల మీద కాలు పెట్టి సగం ఎక్కిన మనిషి.

రెండు వేళ్లతో వాణ్ని పెద్ద చేశాడు.
ఇంకా పెద్ద చేశాడు,
మనిషి చుక్కలు చుక్కలుగా విడిపోయేదాకా.
"మోకు లేదు. గుజి లేదు. నడుముకు ఏం లేదు వానికి.
లొట్టేది?"
వెదురు బొంగులు, చూడు, పక్కన వేలాడుతున్నాయి.
"పోద్దాడా, పండుదాడా?"
తెలియదన్నాను.
"ఏ పూట గీస్తరు?"
తెలియదన్నాను.
"పులుస్తదా, తీపి మీదనే దించుతరా?"

మర్నాడు దారి పక్కన బండి ఆపి
సారున్ గ్లాసు నిండా పోయించుకొచ్చాడు.
ఆ గ్లాసు కడిగిన నీళ్లెలాంటివోనని
నేను పెదవి కూడా తడుపుకోలేదు.
"తియ్యగ ఉన్నది" అన్నాను మొండయ్యతో.
తలూపాడు.

ఆరేళ్ల కింద మోకు జారి
ఎడమ తుంటి పోయిన మనిషి.
ఇప్పుడు అల్లుడు కొమురెల్లి ఎక్కుతుంటే
కింద నుంచి వాడి మడమలు చూస్తాడు,
ఊపిరి బిగబట్టి.

తర్వాతది వీడియో. దాటేద్దామనుకున్నాను,
ఆయన వేలు ముందే తగిలింది.
గుడి దారిలో చాప మీద వాద్యగాళ్లు.
మందుపాతర తీసుకున్న కాళ్లకు బదులు
ప్లాస్టిక్ కాళ్లు, విప్పి పక్కన పెట్టినవి,
జోళ్లు తొడిగే ఉన్నాయి.
మొత్తం విన్నాడు. మళ్లీ పెట్టమన్నాడు.
"ఎవలు పెట్టిన్రు ఆ బాంబులు?"
వాళ్లూ వీళ్లూ. అందరూ.
చుట్ట ఆరిపోయింది, మళ్లీ వెలిగించలేదు.
"నేనంటె పైకెల్లి పడ్డ.
వీళ్లు నేల మీద నడుసుకుంటనే పడ్డరు."

పొద్దు గూకింది. కొమురెల్లి లొట్టి దించాడు.
తాటాకు మడిచి రేక చేసి
నా రెండు చేతుల్లో పెట్టాడు మొండయ్య.
"నీళ్లు కలపలే. భయపడకు, తాగు."

ఎట్లా తెలిసిందో.

రెండో రేక సగంలో ఉండగా అడిగాడు:
"ఆ వెదురెక్కిన పిలగాడు, దిగిండా మల్ల?"
దిగే ఉంటాడన్నాను.
"సూసినవా?"

లేదు మొండయ్యా.
బండి ముందుకెళ్లిపోయింది.